పాండిచ్చేరి పార్టీ బస్సు

కుప్పం,
14 జూన్ 2024

అమ్మా ప్రసన్నా,

నువ్వు రైలెక్కి నెల దాటింది. మొన్న ఆదివారం నీ ఫోన్ వస్తే మాధవి నా చెవికి ఆనించింది గాని, గుయ్‌మనే చప్పుడు తప్ప నాకొక్క మాట తెలియలేదు. జ్వరంతో పోయిన చెవులు ఇక రావని బెంగళూరు డాక్టరు చెప్పనే చెప్పాడు కదా. నువ్వేమన్నావని అడిగితే మాధవి నా చెవిలో అరిచి చెప్పింది. ఆ అరుపు వీధి చివర చిన్నమ్మ ఇంటిదాకా వినబడి, ఆమె సాయంత్రం వచ్చి నీ క్షేమం నాకే చెప్పింది. మన మాటలు ఊరంతా వినడమెందుకు? ఇద్దరం ఉత్తరాలు రాసుకుందాం. ఏడో తరగతి దాకా చదివాను, ఆ మాత్రం రాయగలను.

నీ పనేమిటో నాకింకా అర్థం కాలేదు. "టికెట్ల బస్సు కాదమ్మా, పార్టీ బస్సు" అన్నాడు మీ బావ లోకేష్. ఏ పార్టీ, ఎలక్షన్లు అయిపోయాయి కదా అంటే వాడూ మాధవీ, మొగుడూ పెళ్లాం ఇద్దరూ నవ్వారు. నువ్వైనా నవ్వకుండా రాయి.

క్వారీలో బండ జారి నా చిన్నోడు భరత్ పోయిన నాటినుంచి ఈ మూడేళ్లూ నువ్వు నా పక్క మంచం మీదే పడుకున్నావు. ఇప్పుడా మంచం మీద మాధవి బట్టలు మడిచి పెడుతోంది. పెట్టనీలే అనుకుంటాను. నువ్వు ఉద్యోగానికి పోతానంటే లోకేష్ వద్దన్నాడు, పొమ్మన్నది నేనే. కాబట్టి నువ్వు బాగుండడం నా అవసరం కూడా.

టమాటా ఈసారి మదనపల్లె మార్కెట్టుకు తోలాం. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ.

వేళకు తిను.
నీ అత్త
పుష్పావతి


పాండిచ్చేరి,
30 జూన్ 2024

అత్తమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా హాస్టల్లో ఉత్తరం వచ్చింది నాకొక్కదానికే. వార్డెన్ దాన్ని కోర్టు నోటీసనుకుని భయపడింది.

పార్టీ బస్సంటే ఇది. పెద్ద బస్సులో సీట్లన్నీ తీసేసి, రెండు పక్కలా గోడ వెంబడి సోఫాలు వేశారు. మధ్యలో ఖాళీ. కింద గాజు పలకలు, వాటి కింద రంగురంగుల దీపాలు. పాటలకు పెద్ద పెద్ద స్పీకర్లు. పుట్టినరోజని, పెళ్లిరోజని, పరీక్ష పాసయ్యామని బెంగళూరు నుంచి, మద్రాసు నుంచి జనం గుంపుగా వచ్చి రెండు మూడు గంటలకు దాన్ని బాడుగకు తీసుకుంటారు. బీచ్ రోడ్డులో సాయంత్రం బండ్లను రానివ్వరు గనుక, ఊరి బయట సముద్రం కనబడే రోడ్డు మీద తిప్పి, ఒకచోట ఇసుకలోకి దింపి, మళ్లీ తెచ్చి దించుతాం. ముందుగా బెలూన్లు ఊది కట్టడం, బోర్డు మీద పేర్లు అతికించడం, కేకు తేవడం, ఎవరికైనా కడుపులో తిప్పితే బకెట్టు పట్టుకుని నిలబడడం నా పని. అందరూ దిగాక ఇసుక ఊడుస్తాను. ఎంత ఊడ్చినా మర్నాటికి ఎక్కడినుంచో మళ్లీ వస్తుంది.

మొన్న ఒక ఆఫీసువాళ్లు రిటైరయ్యే పెద్దాయన కోసం బస్సు తీసుకున్నారు. అందరూ ఎగిరారు, ఆయన మాత్రం కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూస్తున్నాడు. నన్ను పిలిచి, పాట కొంచెం తగ్గిస్తావా అమ్మా అని అరవంలో అడిగాడు. తగ్గించాను. ఎవరో వచ్చి మళ్లీ పెంచారు. దిగేటప్పుడు ఆయన నాకు దండం పెట్టాడు.

మా ఓనరు గోవిందస్వామి మంచాయనే. డ్రైవరు చరణ్ మన పక్కవాడే, పుంగనూరు. వాళ్ల నాన్న రామచంద్రప్పకు గొర్రెల మంద ఉందట. మొదటిరోజు నేను నోరు తెరవగానే, "మీది యా ఊరు? మాట మన పక్క మాదిరి ఉండాదే" అన్నాడు. ఈ ఊరొచ్చాక ఆ మాట వినడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగి, బెలూను పట్టుకుని అటు తిరిగాను.

పెయ్యదూడకు పేరు పెట్టకుండా ఉండండి, నేనొచ్చి పెడతాను.

మీ
ప్రసన్న


కుప్పం,
22 ఆగస్టు 2024

ప్రసన్నా,

నిన్న మాధవి తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. మీ కంపెనీవాళ్లే పెట్టారట. బస్సులో జనం చప్పట్లు కొడుతున్నారు. నీ తలమీద కాగితం కిరీటం ఉంది. ఒక అబ్బాయి నీ నోటికి కేకు అందిస్తున్నాడు. నువ్వు నవ్వుతున్నావు. నుదుట బొట్టుంది.

లోకేష్ గట్టిగానే అరిచాడు. "మనింటి పేరు యాడికి పోతాండాదో సూడమ్మా" అన్నాడు. నేను ఫోను తీసుకుని రెండుసార్లు చూశాను. భరత్ పోయాక నువ్వలా నవ్వడం నేను చూడలేదు.

ఆ అబ్బాయి నువ్వు రాసిన పుంగనూరు డ్రైవరేనా? ఇంటివాళ్లు ఎలాంటివాళ్లు? మనవాళ్లు కారని తెలుస్తూనే ఉంది. నీ మనసులో ఏముందో దాచకుండా రాయి. నాకు తెలియాలి. నువ్వు ఏది చేసినా, నీ వెనక మన ఇల్లొకటి ఉందని మరవొద్దు.

నడుం నొప్పితో ఎక్కువ రాయలేకపోతున్నాను. ఈ చీటీ లోకేష్‌కు తెలియకుండా చిన్నమ్మ చేత పోస్టు చేయిస్తున్నాను.

పుష్పావతి


పాండిచ్చేరి,
18 సెప్టెంబరు 2024

అత్తమ్మకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, క్షమించండి. రాసినవి రెండు చించేశాను.

ఆ రోజు ఒక కాలేజీ అమ్మాయి పుట్టినరోజు. అలాంటప్పుడు వాళ్లు పనివాళ్లకు కూడా కేకు పెట్టమంటారు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఆ కిరీటం వాళ్లు పెట్టిందే. కేకు పెట్టింది చరణే. అంతకుమించి అతనితో నాకేమీ లేదు, ఇకపై ఉండదు కూడా. బొట్టు తీసేశాను.

గోవిందస్వామి గారిని అడిగి బస్సు పని మానుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ఫోన్లో బుకింగులు రాసుకుంటున్నాను. ఇక ఏ వీడియోలోనూ కనబడను. లోకేష్ బావగారికి ఆ మాట చెప్పండి.

మా అమ్మ పోయి, నాన్న వాల్మీకిపురంలో వేరే సంసారం పెట్టుకున్నాక నాకు ఇల్లంటే మీరే. అది మరిచే మనిషిని కాను. మీ కొడుకు పేరుకు నావల్ల మాట రాదు.

ప్రసన్నలక్ష్మి


కుప్పం,
2 అక్టోబరు 2024

అమ్మా ప్రసన్నా,

ఉత్తరం అందింది. నీకిష్టం లేని మాట ఎత్తి నొప్పించినట్టున్నాను. ఇక ఎత్తను. ఆఫీసులో నీడపట్టున పని దొరకడం మంచిదే, బకెట్లు మోసే బాధ తప్పింది.

దసరాకు రెండు రోజులు రాగలవా? రాలేకపోతే సరే, బలవంతం లేదు. దూడ తాడు తెంపుకుని వంకాయ మడి అంతా తొక్కింది.

అత్త
పుష్పావతి


పాండిచ్చేరి,
9 ఫిబ్రవరి 2025

అత్తమ్మా,

దసరాకు రాలేదు, సంవత్సరం మారినా రాయలేదు. మీకు కోపం తగ్గాక రాద్దామనుకుంటూ ఉండిపోయాను. మీ చివరి ఉత్తరం చాలా చిన్నది. "ఇక ఎత్తను" అన్న మాట దగ్గరే ఆగిపోతూ వచ్చాను.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇది విన్నాకైనా మీ మనసు కుదుటపడాలని రాస్తున్నాను.

కార్తీకంలో ఇక్కడ తుఫాను వానలు పట్టుకున్నాయి. బుకింగులన్నీ రద్దయి బస్సు షెడ్డులో నిలబడింది. పార్టీలవాళ్లు తిరగ్గొట్టిన కేకులు ఆఫీసులో అలాగే ఉంటే, ఒకటి ఇచ్చి రమ్మని ఓనరు నన్ను షెడ్డుకు పంపాడు. చరణ్ బస్సు అద్దాలు తుడుస్తున్నాడు. నేను కేకు అక్కడపెట్టి తిరిగిపోతుంటే, "ప్రసన్నా, ఒక మాట అడగల్ల" అన్నాడు.

అడిగాడు. ఏమడిగాడో మీరు ఊహించగలరు.

"మా అత్త ఒప్పుకోదు" అన్నాను.

"నేను కుప్పమొచ్చి ఆమెనే అడుగుతా. కాదంటే కాళ్లు పట్టుకుంటా."

"వద్దు. నన్నంత బాగా సూసుకున్న మనిషిని నేను నొప్పించలేను."

"ఆమెను అడగనన్నా అడగవా?"

"అడగను."

అతను మళ్లీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. బయట వాన కురుస్తూనే ఉంది, తుడిచిన అద్దాన్నే తుడుస్తూ ఉన్నాడు. నేను వచ్చేశాను.

సంక్రాంతి తర్వాత వాళ్ల ఊళ్లోనే సంబంధం కుదిరింది. పెళ్లి ఈ మాఘం మొదట్లో అయిపోయింది. అంతకుముందు పనివాళ్లందరూ కలిసి అతని కోసం ఒక సాయంత్రం బస్సు అడిగారు, ఓనరు ఊరికే ఇచ్చాడు. బోర్డు రాసే అమ్మాయి సెలవులో ఉండి, ఆ పని నాకొచ్చింది. బంగారు రంగు అక్షరాలతో అతని పేరు అతికించాను, పక్కన హేమలత అని ఆ అమ్మాయి పేరు అతికించాను. చివరి అక్షరం ఎంతకీ అంటుకోలేదు. అతనే వచ్చి వేలితో నొక్కిపట్టుకున్నాడు. అంటుకునేదాకా వేలు తీయలేదు. ఆ తర్వాత అతను పని మాని పుంగనూరు వెళ్లిపోయాడు. అక్కడ పాల వ్యాను తోలుతున్నాడట.

ఇదీ సంగతి. నాకేమీ బాధ లేదు. మీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను, అది చాలు. ఇప్పుడైనా మునుపటిలాగా పెద్ద ఉత్తరం రాస్తారా?

మీ
ప్రసన్న


కుప్పం,
20 ఫిబ్రవరి 2025

అమ్మా, నా తల్లీ,

నువ్వు నాకే మాటా ఇవ్వలేదు. నేనే మాటా అడగలేదు. నీ ఉత్తరం చదివి అరుగు మీదే కూర్చుండిపోయాను. మాధవి వచ్చి ఏమైందని చెవిలో అరిచింది. ఉత్తరం కొంగులో దాచాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ వీడియోలో నువ్వు నవ్వడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అబ్బాయి మొహం కూడా బాగానే అనిపించింది. అందుకే ఎవరు, ఎలాంటివాళ్లు అని అడిగాను. ఎవరైనా బిడ్డకు సంబంధం చూసేటప్పుడు అడిగేవే కదా అవి. మనవాళ్లు కారని రాశాను. అయితే ఏమిటి అని దాని పక్కనే రాసి ఉండాల్సింది. మనసులో అనుకున్నాను, కాగితం మీద పెట్టలేదు. నీ వెనక మన ఇల్లుందంటే, లోకేష్ అరిచినా నేనున్నానని. నువ్వు దాన్ని ఇంకోలా చదువుతావని నాకు తట్టనే లేదు.

నీ జవాబు ఆలస్యమయ్యే కొద్దీ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. చిన్నమ్మను తోడు తీసుకుని, గుడికని చెప్పి, పలమనేరులో బస్సు మారి పుంగనూరు పోయాను. గొర్రెల రామచంద్రప్ప ఇల్లంటే సంతలో వాళ్లే చూపించారు. మంద బయటికి పోయి ఉంది. అతని భార్య మునిలక్ష్మమ్మ దొడ్డి ఊడుస్తోంది. నేనెవరో చెప్పగానే చీపురు పక్కన పడేసి, నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడింది. నాకు ఇబ్బంది లేకుండా ఎలా మాట్లాడాలో ఆమెకు చెప్పకుండానే తెలిసింది.

"ఆ పాప మా చిన్నోని పెండ్లాం. వాడు పోయినాడు. ఇప్పుడు నాకు బిడ్డే" అన్నాను. "మీవాడు, మా పాప ఒకసోట పని చేస్తాండారు. వాళ్లకు ఇష్టమైతే మీకు ఏమన్నా అడ్డముండాదా?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "మేం గొర్లు మేపుకునేటోళ్లం. మీరు భూములుండేవాళ్లు. మీరే వచ్చి అడగతాండారు" అంది. తర్వాత, "నాకు అడ్డమేముండాది, పిల్లోల్లు సుఖంగా ఉంటే సాలు. దసరాకు వాడొస్తే అడగతా" అంది. చిన్నమ్మకూ నాకూ అన్నం పెట్టింది.

ఇప్పుడే అడగొద్దని చెప్పింది నేనే ప్రసన్నా. ముందు నీ మనసు తెలుసుకుని కబురు చేస్తానన్నాను. అతనికి ముందే తెలిస్తే బస్సులో నీకు మొహమాటంగా ఉంటుందనుకున్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అతనితో ఏమీ లేదు, ఇకపై ఉండదు అన్నావు. నేనది నిజమనుకున్నాను. మా పాపకు ఇష్టం లేదంట, ఏమీ అనుకోవద్దని పుంగనూరుకు చిన్నమ్మ చేత ఫోన్ చేయించాను. ఆ తల్లి కొడుకుతో ఏమీ చెప్పి ఉండదు. చెప్పి ఉంటే ఆ వానలో అతను నీకా మాట చెప్పేవాడు, మీ అత్త మా ఇంటికొచ్చి పోయిందని. ఆ ఒక్క మాట సరిపోయేది.

ఇప్పుడు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి? ఆ పెళ్లికూతురు ఏం చేసింది పాపం.

నీకు కోపమొస్తే తిట్టి రాయి. ఉలకకుండా మాత్రం ఉండొద్దు.

నీ
పుష్పావతి


కుప్పం,
3 ఏప్రిల్ 2025

ప్రసన్నా,

ఎదురుచూసి చూసి నేనే రాస్తున్నాను. జవాబు రాయకు, పనిలేదు. వచ్చే పదమూడో తేదీ ఆదివారం నేనే వస్తున్నాను. మా పొదుపు సంఘంలో ఆడవాళ్లం ఎనిమిది మందిమి. ఎవరమూ సముద్రం చూసినవాళ్లం కాదు. మీ బస్సే బాడుగకు తీసుకున్నాం. మాధవి మీ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫోనెత్తింది నువ్వు కాదట, వేరే అమ్మాయట. ఏం ఫంక్షనండీ అని అడిగిందట. మాధవి నావైపు చూసింది. చెవిలో అరిచి నన్నడిగింది. ఏమీ లేదు, ఊరికే సముద్రం చూడ్డానికని చెప్పమన్నాను.

మేం కాట్పాడిలో రైలు దిగి బస్సెక్కి వస్తాం. నువ్వు నన్ను చూడనంటే చెప్పు, మిగతావాళ్లను పంపి నేను ఆగిపోతాను.

పుష్పావతి


కుప్పం,
17 ఏప్రిల్ 2025

అమ్మా,

క్షేమంగా చేరాం. చిన్నమ్మ సీసాలో పట్టుకొచ్చిన సముద్రం నీళ్లు మేక కాలి పుండుకు పోసింది, మేక ఆమెను కుమ్మింది. అందరూ ఇంకా ఆ బస్సు గురించే మాట్లాడుతున్నారు. నేను వినలేకపోయినా, చేతులు తిప్పుతుంటే తెలుస్తుంది.

నువ్వు బస్టాండులో ఎదురొచ్చి నా చేతిసంచి అందుకున్నప్పుడు, ఎంత చిక్కిపోయావో అనుకున్నాను. తిట్టలేదు, ఏడవలేదు. కాఫీ తాగుతారా అని సైగ చేశావు. అంతే. నాకది తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

బస్సులో నాకు పాట వినబడలేదు గాని, సోఫా అదురుతుంటే అది వీపులోంచి తెలిసింది. చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టి ఆడింది. డెబ్బై ఏళ్ల మనిషి. మిగతావాళ్లు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. బోర్డు మీద నువ్వు "కుప్పం అక్కలకు స్వాగతం" అని అతికించావని మాధవికి చెబితే, నన్నెందుకు తీసుకుపోలేదని అలిగింది.

నేనొకటి అడగాలి. ఇసుకలో దిగి నీళ్లలో నిలబడినప్పుడు, మిగతావాళ్లు దూరంగా ఉన్నారు. మనిద్దరం పక్కపక్కన ఉన్నాం. నువ్వు సముద్రంవైపు చూస్తూ ఏదో అన్నావు. పెదవులు కదలడం చూశాను. నా చెవి దగ్గరికి రాలేదు, గట్టిగానూ అనలేదు. నేను అలవాటుకొద్దీ తలాడించాను. వినబడనప్పుడు అందరికీ అలాగే తలాడిస్తాను, మళ్లీ అడిగితే విసుక్కుంటారని. నువ్వు నావైపు తిరిగి చూసి, కళ్లు తుడుచుకున్నావు.

ఇంటికొచ్చినప్పటినుంచీ అదే గుర్తొస్తోంది. నేను దేనికి తలాడించాను? వినకుండానే అన్నీ తెలిసినట్టు ఉండి ఒకసారి నిన్ను ముంచాను. ఇంకోసారి అలా చేయను. ఏమన్నావో రాయి. ఎంత చేదైనా సరే.

నీ అత్త
పుష్పావతి


పాండిచ్చేరి,
28 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

మీ ఫిబ్రవరి ఉత్తరానికి నేను జవాబు రాయలేకపోయాను. ప్రతి రోజూ మొదలుపెట్టాను. మీమీద కోపం కాదు. మీరు పలమనేరులో బస్సు మారడం, ఆమె చీపురు పడేసి రావడం, మీ ఇద్దరికీ అన్నం పెట్టడం, ఇవన్నీ నాకు కళ్లముందు కనబడుతుంటే ఇంకేం రాయాలో తెలియలేదు. నా కోసం ఇద్దరు తల్లులు కూర్చుని మాట్లాడుకున్న పూట ఒకటుంది. ఆ పూట నేనిక్కడ ఏం చేస్తున్నానా అని ఆలోచించాను. బహుశా మీకు రాసిన జవాబు చించుతూ ఉంటాను.

నిన్నటినుంచి మళ్లీ బస్సులోకి మారాను. గోవిందస్వామి గారు సరేనన్నారు. ఆఫీసులో కూర్చుంటే ఆలోచనలు ఎక్కువవుతున్నాయి.

మీరడిగినదానికి జవాబు రాస్తాను. ఫిబ్రవరిలో నాకేమీ బాధ లేదని రాశాను. ఆ మాట అబద్ధం. అది ఎవరితోనైనా ఒక్కసారి పైకి అనాలని ఉండింది. అనేందుకు మీరు తప్ప ఎవరూ లేరు, మీతో అనే ధైర్యమూ లేదు. మీకు వినబడదని తెలిసే, ఆ అలల చప్పుడులో అన్నాను. దాచొద్దని అడిగారు గనుక ఆ మాటే రాస్తున్నాను.

"ఆ పొద్దు ఆయప్ప అడిగినప్పుడు సరేననల్లనే ఉండింది అత్తమ్మా. చానా ఉండింది" అన్నాను.

మీరు తలాడించారు.

మీ
ప్రసన్న